పగటికొకటి, రాత్రికొకటి కొనాలా? నెల్లూరు, ప్రకాశం ఎండకూ గాలికీ సరిపడే మాయిశ్చరైజర్ ఎంపిక

డే క్రీము, నైట్ క్రీము అని జతగా అమ్మే డబ్బాలను వెనక్కి తిప్పి లేబుల్ చదివితే మొదటి నాలుగైదు పదార్థాలు చాలాసార్లు ఒకటే ఉంటాయి. నీళ్లు, గ్లిజరిన్, ఒకటో రెండో నూనె జాతివి, చిక్కదనం కోసం వేసే మైనం జాతివి. తేడా రెండు చోట్ల కనిపిస్తుంది. పగటి క్రీములో ఎండను ఆపే సన్‌స్క్రీన్ పదార్థాలు కలుస్తాయి. రాత్రి క్రీములో అవి ఉండవు, నూనె పాలు పెరుగుతుంది, కొన్నింట్లో ముడతలకు వాడే రెటినాల్ (విటమిన్ ఏ జాతిది) లాంటిది చేరుతుంది. మిగతాదంతా డబ్బా రంగు, వాసన, పేరు.

అందుకని మా సలహా మొదటే చెబుతున్నాం. చూసి చూసి ఖర్చు పెట్టుకునేవాళ్లు రెండు మాయిశ్చరైజర్లు కొనక్కర్లేదు. వాసన లేని సాదా మాయిశ్చరైజర్ ఒకటి, విడిగా మంచి సన్‌స్క్రీన్ ఒకటి తీసుకోండి. పొద్దున మాయిశ్చరైజర్ పలచగా రాసి దానిమీద సన్‌స్క్రీన్. రాత్రి అదే మాయిశ్చరైజర్ కాస్త మందంగా. చాలామందికి ఇది చాలు. రెండు రకాలు నిజంగా అవసరమయ్యేవాళ్లూ ఉన్నారు. అది చర్మాన్ని బట్టి, ఉండే ఊరిని బట్టి, చేసే పనిని బట్టి తేలుతుంది.

చర్మానికి పగలు ఏం కావాలి, రాత్రి ఏం కావాలి

చర్మంలో అన్నిటికన్నా పైపొర తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఆ పొరలో చచ్చిన కణాలు ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటాయి. వాటి మధ్య సందుల్ని సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు పూడ్చి ఉంచుతాయి. ఆ కొవ్వు తగ్గిందంటే లోపలి నీరు ఆవిరైపోతుంది, బయటి సబ్బూ ఉప్పూ దుమ్మూ లోపలికి దిగి మంట పెడతాయి. మొహం బిర్రుగా లాగడం, ముక్కు పక్కన పొట్టు లేవడం, రోజూ రాసే క్రీమే ఉన్నట్టుండి చురుక్కుమనడం, అన్నీ దీని గుర్తులే.

మొహం మీద జిడ్డు మధ్యాహ్నానికి ఎక్కువ, రాత్రికి తక్కువ. నీరు ఆవిరవడం మాత్రం రాత్రిపూటే ఎక్కువ. కాబట్టి పగలు మందపాటి క్రీము పూస్తే చెమట, జిడ్డు, క్రీము మూడూ కలిసి మధ్యాహ్నానికి మొహం నల్లబడినట్టు కనిపిస్తుంది. రాత్రి మరీ పలచటి జెల్ ఒక్కటే రాసి ఏసీలో పడుకుంటే పొద్దునకు చర్మం లాగుతుంది. పగటికి పలచన, రాత్రికి చిక్కన అనే మాటకు ఉన్న ఆధారం ఇంతే. ఆ చిక్కదనం కోసం నైట్ క్రీము అని రాసి ఉన్న డబ్బాయే కొననక్కర్లేదు.

తీరం వేరు, పడమర వేరు

మైపాడు, ముత్తుకూరు, కావలి, ఇటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు ఉక్కపోతే. గాలిలో తేమ ఉంటుంది, అందులో ఉప్పు ఉంటుంది. ఇక్కడ గ్లిజరిన్ ఎక్కువున్న క్రీము రాస్తే అది ఆరదు, జిగటగా నిలుస్తుంది. జెల్ లేదా పలచటి లోషన్ తీరానికి సరిపోతుంది.

పడమట ఉదయగిరి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు గాలి పొడి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గాలి మొదలైతే చెమట కూడా నిలవకుండా ఆరిపోతుంది. అలాంటిచోట నీటిని పట్టి ఉంచే పదార్థం మాత్రమే ఉన్న జెల్ రాస్తే అరగంటకే మళ్లీ బిగుతు మొదలవుతుంది, ఎందుకంటే ఆ నీటిని పైన కప్పి ఆపేది ఏదీ లేదు. అక్కడివాళ్లకు పగలు కూడా లోషన్, రాత్రికి క్రీము. చలికాలంలో నల్లమల అంచు ఊళ్లలో రాత్రి చలికి బుగ్గలు పేలేవాళ్లయితే క్రీము మీద కొద్దిగా వాసెలిన్ కూడా.

బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా (సబ్బు నురగ రాకుండా) ఉన్న ఊళ్లలో మరో చిక్కుంది. గట్టి నీళ్లలో సబ్బు సరిగా పోదు, సన్నటి పొరలా మొహానికి అంటుకుని ఉంటుంది. సబ్బు క్షార గుణం కలది, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సాధారణంగా 9, 10 దగ్గర ఉంటుంది. చర్మం 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. ఆ పొర మీద ఎంత ఖరీదైన మాయిశ్చరైజర్ రాసినా బిగుతు తీరదు. అలాంటిచోట ముందు మొహం సబ్బు మాని, సబ్బు లేని తేలికపాటి ఫేస్‌వాష్‌కు మారాలి. చివరిసారి కడగడానికి ఒక చెంబుడు ఫిల్టర్ నీళ్లు వాడినా తేడా తెలుస్తుంది. క్రీము పనిచేయట్లేదని మార్చి మార్చి కొనేవాళ్లలో కొందరికి అసలు మార్చాల్సింది సబ్బు.

జెల్, లోషన్, క్రీము, వాసెలిన్

మాయిశ్చరైజర్‌లో మూడు పనులు చేసే పదార్థాలుంటాయి. మొదటివి నీటిని పట్టి ఉంచేవి: గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్, యూరియా, సార్బిటాల్. రెండోవి గరుకు తగ్గించి నునుపు చేసేవి: స్క్వాలేన్, షియా బటర్, కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, సెటియరిల్ ఆల్కహాల్. మూడోవి పైన కప్పి నీరు పోకుండా ఆపేవి: పెట్రోలేటమ్ అంటే వాసెలిన్, డైమెథికోన్, మినరల్ ఆయిల్, తేనెమైనం. ఏది ఎంత పాలున్నదన్న దాన్ని బట్టే జెల్, లోషన్, క్రీము అనే పేర్లు వస్తాయి.

జెల్‌లో ఎక్కువభాగం నీళ్లు, దాన్ని గట్టిపరిచే కార్బోమర్ లాంటి పదార్థం, కాస్త గ్లిజరిన్ ఉంటాయి. రాసిన రెండు నిమిషాలకు ఆరిపోతుంది. మొటిమలున్నవాళ్లకు, జిడ్డు మొహానికి, తీరంలో పగటిపూట మంచి ఎంపిక. కొనేటప్పుడు డైమెథికోన్ కూడా ఉన్న జెల్ చూసుకోండి. జిడ్డు తెలియకుండా కప్పి ఉంచే గుణం దానికుంది. కొన్ని జెల్స్‌లో చల్లగా అనిపించడానికి ఆల్కహాల్ డినాట్ వేస్తారు. అది లేబుల్లో మొదటి ఐదింట్లో ఉంటే వద్దు, చర్మాన్ని ఎండగడుతుంది. సెటైల్ ఆల్కహాల్, సెటియరిల్ ఆల్కహాల్ అనేవి వేరు. అవి కొవ్వు జాతివి, మేలే చేస్తాయి. పేరు చూసి భయపడి మంచి క్రీము వదిలేయకండి.

లోషన్ మధ్యస్థం. ఒకే డబ్బాతో రెండు పూటలూ గడపాలనుకునేవాళ్లకు మేము చెప్పేది ఇదే. క్రీములో నూనె పాలు ఎక్కువ, అది రాత్రికి, పొడి చర్మానికి, నలభై దాటినవాళ్లకు. వాసెలిన్ మాయిశ్చరైజర్ కాదు, మూత మాత్రమే. నీరు పోకుండా ఆపడంలో మామూలుగా దొరికేవాటిలో దాన్ని మించింది లేదు, కానీ తనంతట తాను నీరు ఇవ్వదు. తడి మొహం మీద, లేదా క్రీము రాశాక పైన రాయాలి. తడి లేకుండా నేరుగా పూస్తే ఫలితం తక్కువ, జిడ్డు ఎక్కువ.

విడిగా సీసాలో దొరికే గ్లిజరిన్‌ను నేరుగా మొహానికి పట్టించే అలవాటు ఇంకా ఉంది. చీమకుర్తి క్వారీలు, మార్కాపురం పలకల పని జరిగే చోట్ల ఇది అసలు పనికిరాదు. జిగటకు రాతి దుమ్ము అతుక్కుని, తుడిచినప్పుడల్లా చర్మాన్ని గీరుతుంది. దుమ్ములో పనిచేసేవాళ్లు పొద్దున డైమెథికోన్ ఉన్న జెల్ లేదా లోషన్ రాసుకోవాలి, ఇంటికొచ్చాక రుద్దకుండా ముందు నీళ్లతో దుమ్ము జారిపోయేలా కడిగి, ఆ తర్వాతే ఫేస్‌వాష్ పెట్టాలి.

లేబుల్ ఎలా చదవాలి

ఒక డబ్బా మీద ఇలా ఉందనుకోండి: ఆక్వా (అంటే నీళ్లు), గ్లిజరిన్, సెటియరిల్ ఆల్కహాల్, కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, డైమెథికోన్, నియాసినమైడ్, ఫినాక్సీ ఇథనాల్, సెరమైడ్ ఎన్‌పీ, కార్బోమర్, కుంకుమపువ్వు సారం, పర్ఫ్యూమ్. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. 1 శాతం లోపువి మాత్రం ఏ వరసలోనైనా రాయొచ్చు. ఫినాక్సీ ఇథనాల్ అనేది క్రీము పాడవకుండా వేసేది, దాన్ని 1 శాతానికి మించి వేయరు. కాబట్టి దాని తర్వాత కనిపించేవన్నీ 1 శాతం లోపే అనుకోవచ్చు.

ఇప్పుడు ఆ లేబుల్ మళ్లీ చూడండి. జిడ్డుకు, మచ్చలకు వేసే నియాసినమైడ్ (విటమిన్ బీ3 రకం) ఫినాక్సీ ఇథనాల్‌కు ముందే ఉంది, అంటే పనిచేసే మోతాదు ఉండే వీలుంది. సెరమైడ్ తర్వాత ఉంది, అదేం లోపం కాదు, అది కొద్ది పాళ్లలోనూ పనిచేస్తుంది. కుంకుమపువ్వు సారం చిట్టచివర ఉంది. డబ్బా ముందు ఎంత పెద్ద కుంకుమపువ్వు బొమ్మ వేసినా లోపల ఉన్నది పేరుకే. బాదం, గంధం, కలబంద బొమ్మలున్న డబ్బాలకూ ఇదే పరీక్ష. పర్ఫ్యూమ్ చివర ఉన్నా సరే, సున్నిత చర్మానికి మాత్రం ఆ కాస్తా దురద పెట్టడానికి చాలు. రాత్రి ఎనిమిది గంటలు మొహం మీద ఉండే క్రీముకు వాసన లేకపోతేనే మంచిది.

"నాన్ కమెడోజెనిక్" (చర్మ రంధ్రాలు పూడ్చనిది) అని రాసి ఉంటే మొటిమలు రావని హామీ ఏమీ కాదు. ఆ మాటకు చట్టపరమైన కొలత లేదు. జిడ్డు చర్మంవాళ్లు దాన్ని ఒక సూచనగా తీసుకోవచ్చు, అంతే.

పగలు: ఎస్పీఎఫ్ ఉన్న డే క్రీమా, విడిగా సన్‌స్క్రీనా

అసలు తేడా వచ్చేది ఇక్కడే, అందుకని కాస్త నిదానంగా చూద్దాం.

ఎస్పీఎఫ్ అనేది ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పే లెక్క. 15 ఉన్నది సుమారు 93 శాతం ఆపుతుంది, 30 ఉన్నది 97, 50 ఉన్నది 98. ఈ అంకెలు ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి తేల్చినవి. పెద్దవాళ్ల మొహం దాదాపు 500 నుంచి 600 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే మొహానికే గ్రాము, గ్రాముంబావు కావాలి. చూపుడువేలు, నడిమి వేలు మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు పిండితే ఇంచుమించు అంత వస్తుంది. మెడకు, చెవులకు ఇంకాస్త.

డే క్రీమును అంత ఎవరూ రాయరు. బఠాణీ గింజంత తీసి మొహమంతా సర్దుతారు. అది ఉండాల్సిన దాంట్లో నాలుగో వంతు ఉంటే గొప్ప. ఎస్పీఎఫ్ 20 అని రాసి ఉన్న డే క్రీమును అలా రాస్తే డబ్బా మీది అంకెకూ మొహం మీది రక్షణకూ పొంతన ఉండదు. పోనీ రెండు వేళ్లంత రాద్దామంటే చిక్కటి క్రీము ఈ ఉక్కలో భరించలేం. కాబట్టి ఇంట్లోనే ఉండి, కిటికీకి దూరంగా పనిచేసుకునేవాళ్లకు డే క్రీము సరిపోతుంది. బండి మీద తిరిగేవాళ్లకు, పొలం, రొయ్యల చెరువు, ఉప్పు మడి, క్వారీ పనివాళ్లకు, రోడ్డు పక్క అమ్ముకునేవాళ్లకు విడి సన్‌స్క్రీన్ తప్పదు. నీళ్ల మీద, ఉప్పు మీద, ఇసుక మీద పడ్డ ఎండ కిందినుంచి కూడా మొహానికి కొడుతుంది, టోపీ ఒక్కటే దాన్ని ఆపలేదు.

యూవీబీతో పాటు యూవీఏ చూడాలి. మచ్చలకు, ముడతలకు దాని వాటా పెద్దది. అది గాజు గుండా కూడా వస్తుంది, అందుకే బస్సు కిటికీ పక్క సీటు, ఆఫీసు అద్దం పక్క కుర్చీ కూడా లెక్కలోకి వస్తాయి. లేబుల్ మీద పీఏ పక్కన ప్లస్ గుర్తులు ఎన్ని ఎక్కువుంటే యూవీఏ రక్షణ అంత ఎక్కువ. మూడు కన్నా తక్కువున్నది మన ఎండకు తీసుకోకండి. నెల్లూరు భూమధ్యరేఖకు పద్నాలుగు డిగ్రీల దూరంలోనే ఉంది. డిసెంబరులో వాన వెలిసిన మధ్యాహ్నం కూడా ఇక్కడి ఎండ తేలికైంది కాదు, కాబట్టి సన్‌స్క్రీన్‌ను వేసవి సామాను కింద చూడొద్దు.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న మినరల్ సన్‌స్క్రీన్ సున్నిత చర్మానికి మంచిది, కానీ చామనఛాయ మీద తెల్లగా, బూడిద రంగుగా తేలుతుంది. దాన్ని తప్పించుకోవాలంటే చర్మం రంగు కలిపిన టింటెడ్ రకం తీసుకోండి. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది, దానితో ఇంకో లాభం ఉంది. మంగు మచ్చలు యూవీ కిరణాలతోనే కాదు, కంటికి కనిపించే వెలుతురుతో కూడా ముదురుతాయి, మన రంగు చర్మంలో మరీనూ. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురును ఆపదు, ఐరన్ ఆక్సైడ్ కొంత ఆపుతుంది. కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చిన ఆడవాళ్లు నైట్ క్రీముల మీద డబ్బు పోసే ముందు టింటెడ్ సన్‌స్క్రీన్ కొనాలి. పగలు మచ్చను ముదరనిస్తూ రాత్రి ఎంత ఖరీదైనది రాసినా ఫలితం నిలవదు.

రాసే వరస ఇది. మొహం కడిగి, తువాలుతో అద్ది, చర్మం కాస్త తడిగా ఉండగానే మాయిశ్చరైజర్. అయిదు నుంచి పది నిమిషాలు ఆరనివ్వండి. తర్వాత సన్‌స్క్రీన్, రెండు వేళ్ల కొలతను రెండు విడతలుగా, ఒక్కో వేలంత. బయటికెళ్లడానికి పావుగంట ముందే ఇది అయిపోవాలి. రెండింటినీ అరచేతిలో కలిపి రాయకండి. కలిపితే సన్‌స్క్రీన్ సమంగా పరుచుకోదు, పలచబడిన చోట ఎండ దిగుతుంది. జిడ్డు మొహంవాళ్లకు, తీరంలో ఉండేవాళ్లకు సన్‌స్క్రీన్‌లోనే తేమనిచ్చే పదార్థాలు సరిపడా ఉంటాయి, పొద్దున మాయిశ్చరైజర్ మానేసినా నష్టం లేదు.

ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెమట పట్టిన మొహం మీద రాస్తే అంటదు. పొడి గుడ్డతో రుద్దకుండా అద్ది, ఆరాక రాయండి. చెరువు గట్ల మీద, ఎండలో చెమటోడ్చే పనుల్లో వాటర్ రెసిస్టెంట్ అని ఉన్నదే తీసుకోండి. స్కార్ఫ్, హెల్మెట్ రాపిడికి నుదురు, ముక్కు మీది పూత ముందు పోతుంది, అక్కడ సన్‌స్క్రీన్ స్టిక్‌తో నాలుగైదుసార్లు గీస్తే సులువు.

రాత్రి: ఏది దేనికి

రాత్రి ముందు పగటి సన్‌స్క్రీన్ పోవాలి. వాటర్ రెసిస్టెంట్, టింటెడ్ రకాలు ఒక్కసారి ఫేస్‌వాష్ పెడితే పోవు. చెంచా చివర పట్టేంత మినరల్ ఆయిలో, క్లెన్సింగ్ ఆయిలో పొడి మొహం మీద మెల్లగా తిప్పి, తడిపి, ఆ తర్వాత ఫేస్‌వాష్. కడిగాక రెండు మూడు నిమిషాల్లోపే మాయిశ్చరైజర్ పడాలి.

సాదా క్రీము: సెరమైడ్, గ్లిజరిన్, డైమెథికోన్ లేదా పెట్రోలేటమ్ ఉన్నది, వాసన లేనిది. పదిమందిలో ఎనిమిదిమందికి ఇదే చెబుతాం. కొలత, చూపుడువేలు కొస నుంచి మొదటి గీత దాకా ఒక గీత, అంటే అర గ్రాము. పొడి చర్మానికి ఒకటిన్నర గీత.

నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం ఉన్న క్రీము: జిడ్డు, మొటిమల మచ్చలు ఉన్నవాళ్లకు. 10 శాతం రకాలు ఎక్కువ పనిచేస్తాయని తెస్తారు గానీ కొందరికి మొహం ఎర్రబడుతుంది. తక్కువతో మొదలుపెట్టండి.

రెటినాల్ ఉన్న నైట్ క్రీము: ముడతలకు, గరుకుకు పనిచేసేవాటిలో బాగా పరీక్షకు నిలిచినది ఈ జాతే. వెలుతురుకు చెడుతుంది కనుక రాత్రికే. తప్పుగా వాడి ఎక్కువమంది మొహం కాల్చుకునేదీ ఇదే. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టాలి. మొహం పూర్తిగా ఆరాక బఠాణీ గింజంత, కళ్ల చుట్టూ, ముక్కు మూలలు, పెదవుల మూలలు వదిలేసి. మంట పుడితే ముందు సాదా క్రీము పలచగా, దానిమీద రెటినాల్, మళ్లీ క్రీము. మూడు, నాలుగు వారాలు సర్దుకున్నాక మూడు రాత్రులకు పెంచండి. ఫలితం కనిపించడానికి మూడు నెలలు పడుతుంది. రోహిణి కార్తెలో కొత్తగా మొదలుపెట్టకండి, వానలు పడ్డాక అక్టోబరు, నవంబరులో మొదలుపెట్టండి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు, పాలిచ్చే తల్లులు దీన్ని వాడకూడదు. పగలు సన్‌స్క్రీన్ రాయలేనివాళ్లూ దీని జోలికి పోవద్దు.

వాసెలిన్: ఏసీ గదిలో పడుకునేవాళ్లకు, చలికాలం పడమటి ఊళ్లలో, బుగ్గలు పగిలినవాళ్లకు. క్రీము రాసిన పది నిమిషాలకు రెండు మూడు బియ్యపుగింజలంత వేళ్ల మధ్య కరిగించి, పగిలిన చోట అద్దండి. రెటినాల్ రాసిన రాత్రి దానిమీద వద్దు, మంట పెరుగుతుంది.

కొబ్బరినూనె, నువ్వులనూనె: ఒంటికి మంచివి, మొహానికి అందరికీ కాదు. కొబ్బరినూనె మొటిమల చర్మంలో రంధ్రాలు పూడ్చుతుంది. ఉక్కపోత ఊళ్లలో నుదుటి మీద ఒకే సైజులో, దురద పెడుతూ, సన్నటి పొక్కులు వస్తే అవి మొటిమలు కాకపోవచ్చు. చర్మం మీద ఉండే మలసేజియా అనే ఈస్టు నూనె తిని పెరగడం వల్ల అలాంటివి వస్తాయి. తలకు పట్టించిన నూనె నుదుటికి కారినా ఇదే జరుగుతుంది. ఆ పొక్కులున్నవాళ్లు నూనె మాని, పలచటి జెల్‌కు మారి, తగ్గకపోతే చర్మ డాక్టరుకు చూపించాలి.

ఇంటి కలబంద: కోసిన వెంటనే పసుపుపచ్చగా కారే రసం దురద పెడుతుంది. ఆకును పది పదిహేను నిమిషాలు నిలబెట్టి ఆ రసం కారిపోయాక, కడిగి, లోపలి గుజ్జు మాత్రమే వాడాలి. చల్లగా ఉంటుంది గానీ క్రీముకు బదులు కాదు. నిమ్మరసం మాత్రం మొహానికి ఏ పూటా వద్దు. అది ఉన్న చర్మం మీద ఎండ పడితే నల్లటి మచ్చలు పడతాయి.

రోజూ మొహానికి పసుపు రాసుకునేవాళ్లు దాన్ని సాయంత్రం స్నానంలో కడిగేసి, ఆ తర్వాత క్రీము రాయొచ్చు. నలుగు పెట్టుకున్న రోజు, సున్నిపిండితో రుద్దుకున్న రోజు రాత్రి రెటినాల్ వేయకండి. గీసుకుపోయిన చర్మం మీద అది మంట పెడుతుంది. గడ్డం గీసుకుని పటిక రాసిన మొహానికీ అంతే, ఆ పూట సాదా క్రీమే.

తేడా కొట్టినప్పుడు

సన్‌స్క్రీన్ రాస్తుంటే పెన్సిల్ రబ్బరు పొట్టులా ఉండలు ఉండలుగా రాలుతోందా? కింది మాయిశ్చరైజర్ ఆరలేదు, లేదా ఎక్కువైంది. సగానికి తగ్గించి, పది నిమిషాలు ఆగి, రుద్దకుండా తట్టినట్టు రాయండి. అయినా రాలుతుంటే రెండింట్లో ఒకటి మార్చాల్సిందే.

ఎప్పుడూ రాసే క్రీమే మంట పెడుతోందా? చర్మం పైపొర దెబ్బతింది. రెటినాల్, పొట్టు తీసే యాసిడ్లు (గ్లైకోలిక్, సాలిసిలిక్ లాంటివి), స్క్రబ్, నియాసినమైడ్ అన్నీ ఆపి రెండు మూడు వారాలు సాదా క్రీము, సన్‌స్క్రీన్ మాత్రమే. బుగ్గల మీద సన్నటి తెల్లటి గింజలు తేలుతుంటే క్రీము మరీ చిక్కనైంది, లోషన్‌కు దిగండి.

ఇక ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. తెల్లబడటానికి రాత్రి రాసుకోమని కొన్నిచోట్ల చిన్న ట్యూబులు ఇస్తుంటారు. వాటి మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే మాటల్లో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. నైట్ క్రీము కాదు, మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. వారంలో మొహం మెరుస్తుంది, నెలల్లో చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మంట. ఇప్పటికే వాడుతున్నవాళ్లు సిగ్గుపడకుండా ఆ ట్యూబు పట్టుకుని నెల్లూరు పెద్దాసుపత్రి చర్మ విభాగానికో, ఒంగోలు రిమ్స్‌కో, దగ్గర్లోని చర్మ డాక్టరు దగ్గరికో వెళ్లండి. ఎలా తగ్గించి మానాలో వాళ్లు చెబుతారు. పదార్థాల పట్టిక, తయారీ లైసెన్సు నంబరు లేని ఫెయిర్‌నెస్ క్రీములు ఇంకా ప్రమాదం, వాటిలో పాదరసం ఉండొచ్చు. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది.

కొనడం, పరీక్షించడం, దాచడం

ముందు చిన్న ప్యాక్ కొనండి. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే మొహానికి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకండి, తేడా వస్తే ఏది కారణమో తేలదు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు వారాలు ఉంచండి.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. రాత్రికి అర గ్రాము చొప్పున 50 గ్రాముల క్రీము నూరు రాత్రులు వస్తుంది. పూటకు గ్రాము చొప్పున 50 గ్రాముల సన్‌స్క్రీన్ యాభై పూటలు, మధ్యాహ్నం మళ్లీ రాస్తే ఇరవై అయిదు రోజులే. సన్‌స్క్రీన్ ట్యూబు మూడు నెలలు వచ్చిందంటే పొదుపు చేసినట్టు కాదు, తక్కువ రాసినట్టు. అందుకే ఖరీదైనది కొని పిసరంత రాసేకన్నా, ఎస్పీఎఫ్ 30 పైన, పీఏ మూడు ప్లస్‌లు ఉన్న తక్కువ ధరది కొని నిండా రాయడం మేలు.

డబ్బా కన్నా ట్యూబు, పంపు మంచివి. డబ్బాలో వేలు పెట్టినప్పుడల్లా తడీ క్రిములూ చేరతాయి. మూత తెరిచిన డబ్బా బొమ్మ పక్కన 6ఎమ్, 12ఎమ్ అని ఉంటే తెరిచాక ఆరు నెలలు, పన్నెండు నెలలు అని అర్థం. తెరిచిన తేదీ పెన్నుతో అడుగున రాసుకోండి. సన్‌స్క్రీన్‌ను బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేస్తే నూనె, నీరు విడిపోతాయి. పిండినప్పుడు ముందు నీళ్లు వచ్చి తర్వాత ముద్ద వస్తే, తేదీ ఇంకా ఉన్నా సరే అది పారేయాల్సిందే.